దీవి చూసొచ్చిన జాగ్రఫీ మేడమ్

రాయపూర్‌లో ఒక ఆడపిల్లల స్కూల్లో పదకొండేళ్లు ద్వీపాల గురించి పాఠం చెప్పాక గానీ నేను ఒక ద్వీపం మీద కాలు పెట్టలేదు. సముద్రాన్ని మాత్రం అప్పటికి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ విశాఖపట్నంలో పెళ్లిళ్లకి వెళ్లినప్పుడే. పట్టుచీర పాడవుతుందని రెండుసార్లూ మడమలు తడిసేదాకానే దిగాను. ఆ అనుభవంతోనే కెరటాల గురించీ, పగడపు దిబ్బల గురించీ నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మలు గీసి పీరియడ్లకి పీరియడ్లు చెప్పేదాన్ని. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. వాళ్లకి తెలిసిన పెద్ద నీళ్లు మా ఊరి చెరువు, బూఢా తలాబ్. నాకు అడ్డం చెప్పేవాళ్లెవరూ లేరు.

మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. నాలుగేళ్లకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్లిరావచ్చు. తొంభైల మొదట్లో, అప్పుడింకా మాది మధ్యప్రదేశే, ఆ అవకాశం వచ్చింది. ఆయన కాశీ అన్నారు. నేను అండమాన్ అన్నాను. మా అత్తయ్యగారిని అడిగితే, "సముద్రం ఉంటే సాలు, ఎక్కడైతేనేటి?" అన్నారు. ఆవిడది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డునున్న పల్లె. పదిహేనో ఏట పెళ్లి చేసుకుని, రైల్వేలో పనిచేసే మామగారి వెంట ఈ వైపు వచ్చేశారు. ఆవిడకి చదువు రాదు. ఆ ముక్క అప్పట్లో నేను రోజుకోసారైనా గుర్తుచేసుకునేదాన్ని, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ప్రయాణం ఖాయమైన రోజే స్టాఫ్ రూమంతా చాటింపు వేశాను. యాత్ర అనలేదు, "అధ్యయన్ యాత్ర" అన్నాను. హెడ్‌మిస్ట్రెస్ జాగ్రఫీ గదికి గవ్వలు తెమ్మన్నారు. హిందీ టీచరు శంఖం తెమ్మంది. నేను మా ఊళ్లో పండరీ బట్టల బజారుకి వెళ్లి, తడిసినా చిటికెలో ఆరిపోయే నైలాన్ చీర ఒకటి, ఆ బజారు బయట పేవ్‌మెంటు మీద ఎర్ర రిబ్బను కట్టిన పెద్ద గడ్డి టోపీ ఒకటి కొనుక్కొచ్చాను. అత్తయ్యగారు టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటే ఇది, చేలో నిలబెడతావేటి?" అని అడిగారు. ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు.

అన్నిటికంటే ముఖ్యమైనది టైంటేబుల్. పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి రోజంతా మా కోసమే ఒక కారు, చూపించడానికి ఒక గైడు ఉండేలా ఉత్తరాల మీద మాట్లాడుకున్నాం. ఆ రోజుని నేను స్కూలు పీరియడ్లలాగా ముక్కలు చేశాను. కార్బన్ పెట్టి మూడు కాపీలు రాశాను. ఎనిమిది గంటలకి బయల్దేరడం, ఎనిమిదీ ఇరవైకి జైలు, అలా దిగుతూ దిగుతూ చివరి గడిలో ఇలా ఉంది: "6.25, చిడియా టాపూలో సూర్యాస్తమయం." మే నెల మొదటి వారంలో సూర్యుడు ఆరూ పాతిక దాటాకే మునుగుతాడని దేవేంద్ర నగర్‌లో మా మేడ మీద వారం రోజులు నిలబడి, చేతి గడియారం చూసి మరీ రాసుకున్నాను.

మా ఆయన కాగితం చదివి, "సూర్యుడికి కూడా ఒక కాపీ ఇచ్చావా?" అన్నారు.

విశాఖపట్నం వెళ్లే రైల్లో, ఓడ ఎందుకు మునగదో ఇద్దరికీ వివరించాను. ఓడ రేవు దాటిన గంటకి మంచం ఎక్కిన నేను మళ్లీ మూడో రోజు దీవి కనిపిస్తోందని ఎవరో అరిస్తేనే లేచాను. ఆ మూడు రోజులూ అత్తయ్యగారు కొంగు నడుముకి బిగించి ఓడంతా తిరిగారు. నా పక్కన కూర్చుని మేం తెచ్చుకున్న అటుకులు నములుతూ, "నీళ్లకేసి చూడకే, నీళ్లు కలిసే గీతకేసి చూడు, తగ్గుద్ది" అని చెప్పారు. ఆ గీతని క్షితిజరేఖ అంటారని మాత్రం చెప్పగలిగాను. తర్వాత బకెట్ అడిగాను.

మా ఆయన ఓడలో బాగానే ఉన్నారు. నేల మీద దిగాక ఆయనకి తల తిరగడం మొదలైంది. మర్నాడు పొద్దున్న గెస్ట్ హౌస్ గదిలో మంచం కోడు పట్టుకుని కూర్చుని, "గది ఊగుతోంది, మీరిద్దరూ వెళ్లండి" అన్నారు. కారు అప్పటికే వచ్చేసింది. నా టైంటేబుల్ ప్రకారం ఎనిమిదికి రావలసిన మనిషి ఏడింటికే వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు.

నలభై ఏళ్లుంటాయేమో. నల్లగా, గట్టిగా, చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాడు. డ్రైవరూ గైడూ అతనే. నమస్తే పెట్టి హిందీలో, "ఎండ ముదరకముందే బయల్దేరితే మంచిది మేడమ్, ఇక్కడ పొద్దు త్వరగా వచ్చేస్తుంది" అన్నాడు.

"ఎనిమిదికి కదా అనుకున్నాం" అన్నాను నేనూ హిందీలోనే. అతన్ని గంటసేపు వరండాలోనే కూర్చోబెట్టి, సరిగ్గా ఎనిమిదికి టోపీ పెట్టుకుని బయటికొచ్చాను.

కారు కదలగానే అతనికి పరీక్ష పెట్టడం మొదలుపెట్టాను. మొత్తం దీవులెన్ని, ఎత్తయిన శిఖరం ఏది, ఏ రకం అడవులు అని అడిగాను. అతను ఓపిగ్గా చెబుతూ ఒక్కోచోట, "పుస్తకంలో ఎలా ఉందో తెలీదు మేడమ్, మేమైతే ఇలా అంటాం" అనేవాడు. నేను అత్తయ్యగారి వైపు తిరిగి తెలుగులో, "వీళ్లంతా ఇంతే అత్తయ్యా, నాలుగు ముక్కలు బట్టీ పట్టి టూరిస్టులకి అప్పజెప్పేస్తారు" అన్నాను.

"అబ్బాయి ముఖం సూస్తే మన వైపోళ్లలాగున్నాడే" అన్నారావిడ.

"కాదులెండి. ఇక్కడ బెంగాలీలు ఎక్కువ. ముఖాన్ని బట్టి చెప్పకూడదు" అన్నాను.

కారు మెల్లగా ఒక మలుపు తిరిగింది. అతను అద్దంలోంచి మా వైపు చూడకుండా, అచ్చమైన శ్రీకాకుళం యాసలో, "మా నాన్నది టెక్కలి దగ్గరండి అమ్మా. కర్రల మిల్లులో పనికని వచ్చీసి ఇక్కడే ఉండిపోనాడు. నేను ఇక్కడే పుట్టేను" అన్నాడు.

అత్తయ్యగారు సీటు అంచుకి జరిగి ముందుకి వంగారు. టెక్కలికి ఏ వైపు, ఏ ఊరు, ఎవరింటి వాళ్లు అని ఒకటే ప్రశ్నలు. అవన్నీ అతనికి నచ్చే ప్రశ్నలు. బట్టీ గురించి నేనన్న మాట అతను ఎత్తలేదు. నేను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, జైలు వచ్చేదాకా కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను.

జైల్లో మళ్లీ నా నోరు ఊరుకోలేదు. ఏడు వింగులు, చక్రంలో ఆకుల్లా ఎలా కట్టారో అత్తయ్యగారికి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వినడం లేదు. ఒక గదిలోకి వెళ్లి, వెనక్కి తిరిగి, చువ్వల్లోంచి చెయ్యి బయటికి చాపి గోడ తడుముతున్నారు. గెడ తలుపుకి లేదు. తలుపు పక్కన గోడని తొలిచి, దూరంగా లోపలికి పెట్టారు. చెయ్యి ఎంత చాపినా మూరెడు దూరంలో ఆగిపోతోంది.

"అందదమ్మా. అందకూడదనే అలగ పెట్టేరు" అన్నాడతను.

"రోజూ ఇలగే సూసుకునుంటారు కదా నాయినా, అందుద్దేమోనని" అన్నారావిడ.

నేను చెప్పబోయిన గదుల లెక్క నోట్లోనే ఉండిపోయింది. ముగ్గురం మెల్లగా వరండా పొడుగునా నడిచాం.

అక్కడినుంచి చిన్న పడవలో ఎదురుగా ఉన్న పాత దొరల దీవికి వెళ్లాం. కూలిపోయిన బంగళాల మీద చెట్ల వేళ్లు గోడల్నీ కిటికీల్నీ పట్టుకుని పాకుతున్నాయి. మచ్చల జింకలు మేకల్లాగా మనుషుల మధ్యే తిరుగుతున్నాయి. అతను ఒక పెద్ద హాలు ముందు నిలబడి, ఇక్కడ దొరలు డాన్సులు చేసేవారని చెబుతుంటే, నేను టైంటేబుల్ తీసి చూసుకుంటున్నాను. జైల్లో పదహారు నిమిషాలు ఎక్కువైంది. దాన్ని ఎక్కడ తగ్గించాలా అని ఆలోచిస్తున్నాను. వెనకనుంచి కాగితాన్ని ఎవరో మెల్లగా లాగినట్టయింది. అత్తయ్యగారేమోనని, "ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. మళ్లీ లాగారు. తిరిగి చూస్తే జింక. పొద్దుటి ఎనిమిది నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర దాకా గడులన్నీ దాని నోట్లో ఉన్నాయి. నమలడం కూడా మొదలుపెట్టింది.

ఆ క్షణంలో ఒక తెలివైన మనిషి నవ్వేసి ఊరుకుంటుంది. నేను సంచీలోంచి రెండో కాపీ తీశాను.

అతను అంతవరకూ నా ముందు నవ్వలేదు. అప్పుడు మాత్రం ఆగలేకపోయాడు. అత్తయ్యగారైతే కూలిన మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, "ఇంకెన్నున్నాయే?" అని అడిగారు.

"ఇంకొకటుంది" అన్నాను. ఇంకొకటి నిజంగానే ఉంది, మా ఆయన దగ్గర.

మధ్యాహ్నం ఊళ్లో భోంచేసి, దగ్గర్లోనే ఉన్న బీచ్‌కి వెళ్లాం. నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్లు బయటపడి ఉన్నాయి. రాళ్ల మధ్య గుంటల్లో ఎండ్రకాయలు, సన్నటి నీలం చేపలు కనిపించాయి. పదకొండేళ్లు సుద్దముక్కతో గీసినవి అక్కడ కదులుతున్నాయి. నాకు నిజంగానే కాళ్లు ఆగలేదు. కొత్త చెప్పులు ఇసకలో విడిచి పరిగెత్తబోయాను.

"మేడమ్, చెప్పులు పైన ఆ చెట్టు దగ్గర పెట్టండి. నీళ్లొచ్చేస్తాయి" అన్నాడతను.

"తెలుసు. ఇప్పుడు భాటా. మళ్లీ జ్వార్ రావడానికి ఆరు గంటలు పడుతుంది" అన్నాను. నాకు భూగోళమంతా హిందీలోనే వచ్చు. నేను పుట్టింది రాయపూర్‌లోనే, చదివింది హిందీలో, చెప్పింది హిందీలో. ఇంట్లో తెలుగు ఉప్పూ పప్పుల దగ్గరే ఆగిపోయేది.

"జ్వారంటే ఏటే?" అన్నారు అత్తయ్యగారు.

"అంటే... నీళ్లు పైకి రావడం, మళ్లీ వెనక్కి పోవడం."

"పోటూ పాటూ అను. అంతోటిదానికి జ్వరం అంటావేటి?" అని, ఆవిడ ఇసక వైపు చూపించారు. అక్కడ ఎండిన నాచు ఒక వరసలో పడి ఉంది. "పొద్దున్న పోటుకి నీళ్లు అందాకా వచ్చినాయి. పాటు ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు మళ్లీ పోటెక్కతంది. సూడు, ఆ రాయి ఇందాక పొడిగా ఉంది."

ఆవిడ తన చెప్పులు తీసుకెళ్లి చెట్టు వేరు మీద పెట్టుకున్నారు. నేను నావి అక్కడే ఉంచాను. ఆరు గంటలన్నది పుస్తకంలో ఉంది. అయితే ఆ ఆరు గంటలూ నేను బీచ్‌కి వచ్చినప్పటినుంచి మొదలవ్వాలని పుస్తకంలో లేదు. గుంటల మీద వంగి, కొంగులో గవ్వలు ఏరుకుంటూ ఎంతసేపు ఉన్నానో తెలీదు. వెనక్కి వచ్చేసరికి చెప్పులున్న చోట మోకాలి లోతు నీళ్లున్నాయి. ఒక చెప్పు దూరంగా పడవలా ఊగుతూ వెళ్తోంది. రెండోది కనిపించనే లేదు.

అతను కారు డిక్కీలోంచి తన రబ్బరు చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు. అవి నా కాళ్లకి పడవలంత ఉన్నాయి. అడుగేస్తే టప్ టప్ అని చప్పుడు. ఆ చెప్పులతో, తడిసి ఒంటికి అంటుకుపోయి ఎంతకీ ఆరని ఆ నైలాన్ చీరతో, తల మీద ఎర్ర రిబ్బను టోపీతో మళ్లీ ఊళ్లోకి వచ్చాను. టైంటేబుల్ ప్రకారం నాలుగు నుంచి అయిదు దాకా సముద్రపు జీవుల మ్యూజియం.

అక్కడ నాలుగున్నరకి అతను నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఇప్పుడు బయల్దేరితేనే చిడియా టాపూలో పొద్దు దిగడం సూడగలం. గంట ప్రయాణం" అన్నాడు.

"ఆరూ పాతిక్కి కదా? అయిదింటికి బయల్దేరినా ఇంకా పాతిక నిమిషాలు మిగులుతుంది" అన్నాను.

"ఇక్కడ అయిదూ నలభైకి దిగిపోద్ది మేడమ్."

"మే నెలలోనా? అయిదూ నలభైకా? డిసెంబర్ అనుకుంటున్నారా మీరు?" అని నవ్వాను. పక్కన గాజు పెట్టెలు చూస్తున్న ఇద్దరు తలెత్తి చూశారు. వాళ్లు వింటున్నారని గొంతు ఇంకొంచెం పెంచాను. "నేను పదకొండేళ్లుగా ఇదే చెబుతున్నాను."

అతను అత్తయ్యగారి వైపు చూశాడు. ఆవిడ, "పుట్టినకాణ్ణించీ ఇక్కడే ఉన్నాడు కదే, రోజూ సూస్తాడు కదా" అన్నారు.

"చూడడం వేరు, తెలుసుకోవడం వేరు అత్తయ్యా" అన్నాను. ఆ మాట అచ్చంగా అలాగే అన్నాను. తగ్గించి రాయాలని ఇప్పుడు ఎంతగానో ఉంది.

అయిదింటికి బయల్దేరాం. ఊరు దాటి అడవి దారిలోకి వచ్చేసరికే చెట్ల కింద నీడ నల్లగా చిక్కబడుతోంది. అడవి గుబురు వల్ల అనుకున్నాను. అతను కారు వేగం పెంచాడు. ఒక చోట చెట్లు విడిపోయి సముద్రం కనిపించింది. దాని మీద వెలుగు నారింజ రంగులోకి తిరిగి ఉంది. గడియారం చూశాను, అయిదున్నర. చెవికి పెట్టుకుని విన్నాను, ఆడుతూనే ఉంది. మళ్లీ చెట్లు మూసుకున్నాయి. మళ్లీ విడిపోయేసరికి నారింజ రంగు లేదు, బూడిద రంగు ఉంది. ఎదురుగా రెండు మూడు కార్లు లైట్లు వేసుకుని తిరిగి వస్తున్నాయి. వాటిలో జనం నవ్వుతూ, సూర్యాస్తమయం చూసిన ముఖాలతో ఉన్నారు.

మేం దిగేసరికి ఆరు దాటింది. పడమటి కొండ మీద ఒక చిన్న గులాబీ మరక ఉంది. నేను చూస్తుండగానే అదీ పోయింది. పిట్టలు అరుస్తున్నాయి. ఒడ్డున మేం తప్ప ఎవరూ లేరు.

నేను కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పుడు వెలిగింది. మా రాయపూర్ రేఖాంశం దాదాపు ఎనభై ఒకటిన్నర డిగ్రీలు. ఇది దాదాపు తొంభై రెండున్నర. తేడా పదకొండు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నాలుగు. ఈ లెక్క ఏటా ఎనిమిదో క్లాసుకి చేయిస్తాను. తప్పు చేసినవాళ్లని నిలబెడతాను. లండన్‌కీ కలకత్తాకీ, టోక్యోకీ ఢిల్లీకీ ఎన్నిసార్లు చేయించానో. నా సొంత ప్రయాణానికి ఒక్కసారి కూడా చేసుకోలేదు. మేడ మీద వారం రోజులు గడియారం పట్టుకుని నిలబడ్డాను, అంతే.

అత్తయ్యగారు అప్పటికే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగిపోయారు. సూర్యుడు ఉన్నాడో లేడో ఆవిడకి పట్టింపు లేదు. కెరటం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా వెనక్కి గెంతుతున్నారు.

అతను కొంచెం దూరంలో బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. నేనే దగ్గరికి వెళ్లాను. రబ్బరు చెప్పులు టప్ టప్ మంటుంటే గంభీరంగా క్షమాపణ చెప్పడం చాలా కష్టం.

"మీరు చెప్పిందే నిజం. నాదే తప్పు. పొద్దుటినుంచీ అన్నీ నాదే తప్పు" అన్నాను.

"పోనీండి మేడమ్" అన్నాడు. బానెట్ వదిలి ముందుకొచ్చి, "ఒకటి అడగనా? ఇక్కడ పొద్దు ఎందుకు ముందు దిగిపోద్దని టూరిస్టులు రోజూ అడుగుతారు. తూర్పున ఉన్నాం కాబట్టి అంటాను. అలాగైతే గడియారం కూడా ముందుండాలి కదా అని ఒకాయన అన్నాడు. నాకు జవాబు రాలేదు. నేను ఎనిమిదిలో మానేసేను. మీకు తెలిస్తే చెప్పండి" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. అలా ఏమీ లేదు, నిజంగానే అడిగాడు. కారు లైట్లు వేయమన్నాను. ఆ వెలుతురులో తడి ఇసక మీద పుల్లతో పెద్ద గుండ్రం గీశాను. దేశాంతర్ రేఖలని హిందీలో మొదలుపెట్టి, తెలుగులో వాటిని రేఖాంశాలంటారని అప్పటికి తెలీక ఆగిపోయాను.

"గీతలు అనండి, సరిపోద్ది" అన్నాడు.

సరే, గీతలే అన్నాను. ఇది మా రాయపూర్ గీత, ఇది మీ గీత. భూమి ఇలా తిరుగుతుంది, మధ్యలో పదకొండు గీతలు. అత్తయ్యగారు తడికాళ్లతో వచ్చి వంగి చూశారు.

"ఈ గీతలు సముద్రం మీదుంటాయేటే?"

"ఉండవత్తయ్యా. ఉన్నాయని మనం అనుకుంటాం."

"లేని గీతల కోసమా పొద్దుటినుంచీ ఇంత గొడవ!"

ముగ్గురం నవ్వాం. దేశమంతటికీ గడియారం ఒకటే పెట్టుకున్నారని, అందుకే ఇక్కడ పొద్దున్న అయిదింటికే ఎండ వచ్చేస్తుందని, సాయంత్రం అలాగే పోతుందని చెప్పాను. అతను వంగి, వేలితో ఒక్కో గీతా లెక్కపెట్టి, నాలుగేసి కూడుకుంటూ నలభై నాలుగు దాకా వెళ్లాడు. "అంటే గడియారం మీది, పొద్దు మాది" అన్నాడు. పదకొండేళ్లలో నా విద్యార్థి ఎవరూ ఆ పాఠాన్ని అంత చక్కగా చెప్పలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు, చెప్పాను. కెరటం వచ్చి రాయపూర్‌ని తుడిచేస్తే, మళ్లీ గీశాను.

గదికి తిరిగొచ్చేసరికి మా ఆయన లేచి టీ తాగుతున్నారు. నా కాళ్లకేసి చూసి, "ఈ చెప్పులెవరివి?" అన్నారు. మొత్తం కథ అత్తయ్యగారే చెప్పారు. జింక దగ్గరికొచ్చేసరికి ఆయన తన కాపీ తీసి చూసుకుని మరీ నవ్వారు.

స్టాఫ్ రూములో సూర్యాస్తమయం అద్భుతంగా ఉందని చెప్పాలని తిరుగు ఓడలో పడుకుని నిర్ణయించుకున్నాను. కొండ, సముద్రం, రంగులు, అన్నీ మాటల్లో సిద్ధం చేసుకున్నాను. జులైలో స్కూలు తెరిచిన మొదటి రోజు ఎనిమిదో క్లాసులోకి వెళ్లగానే ముందు బెంచీలో పిల్ల లేచి, "మేడమ్‌జీ, మీరు వెళ్లేలోపే సూరజ్ దిగిపోయాడంట కదా?" అంది. ఆ పిల్ల మా పక్కింటి అమ్మాయి. సెలవుల్లో అత్తయ్యగారు వాకిట్లో కూర్చుని ఎంతమందికి చెప్పారో నాకు తెలీదు. క్లాసంతా నా వైపు చూస్తోంది. పుస్తకం మూసేసి, పండరీ టోపీతో మొదలుపెట్టి అంతా చెప్పేశాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ ఏడాది పరీక్షలో రేఖాంశాల ప్రశ్నకి క్లాసు క్లాసంతా పోర్ట్ బ్లెయిర్ లెక్కే రాసింది. ఒకమ్మాయి చివర్లో "ఇందువల్ల చెప్పులు కూడా పోవచ్చు" అని రాసింది. దానికి మార్కు తగ్గించలేదు.

వానలు తగ్గాక అతని దగ్గర్నుంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. చిరునామా అత్తయ్యగారు ఇచ్చారట. రాసింది హిందీలో. ఇద్దరం తెలుగువాళ్లమే అయినా, అప్పట్లో ఇద్దరికీ రాయడం వచ్చింది ఆ భాషే. గీతల సంగతి ఇప్పుడు టూరిస్టులకి ఇసక మీద గీసి చూపిస్తున్నాననీ, బాగా వింటున్నారనీ రాశాడు. కింద ఒక ప్రశ్న పెట్టాడు. కొన్నిసార్లు చీకట్లో తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి, ఎందుకు?

నాకు తెలీదు. మా స్కూలు పుస్తకాల్లో లేదు. "తెలీదు, కనుక్కుని రాస్తాను" అని కార్డు వేసి, కాలేజీ లైబ్రరీ చుట్టూ తిరిగాను. నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న జీవులుంటాయనీ, కదిపితే అవి మెరుస్తాయనీ దీపావళి దాటాక దొరికింది. రెండు పేజీల ఉత్తరం రాశాను. పోస్ట్ చేసే ముందు అత్తయ్యగారికి తెలుగులోకి మార్చి చదివి వినిపించాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ చివరిదాకా విని తలెత్తారు.

"బావుంది గానీ," అన్నారు, "ఆ అబ్బాయికి తెలిసేలాగ రాసేవా, లేకపోతే నీలాగ రాసేవా?"

ఉత్తరం వెనక్కి తీసుకుని మళ్లీ మొదటినుంచి రాశాను.